ఆకుపచ్చ చుక్క

ట్రే ఆమె బల్ల మీదికి వచ్చేసరికి అందులోని స్లైడు మీద ఆకుపచ్చ చుక్క ఉండనే ఉంటుంది. అది ఆ పాథాలజీ శాఖలో ఎవరూ రాయని, ఎవరూ తప్పని కట్టుబాటు. పేగులోంచి తీసిన ముక్కను టెక్నీషియన్ పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, గాజుపలక మీద అతికించి ఇస్తుంది. మొదట పెద్దాయన, అంటే శాఖాధిపతి, చూస్తారు. ఎక్కడైనా అనుమానం తగిలితే ఆ చోటు పక్కన గాజు మీద పచ్చసిరాతో చుక్క పెట్టి, చీటీ మీద ఒక మాట రాసి ట్రేలో పడేస్తారు. అక్కణ్ణుంచి ట్రే సరేసారు దగ్గరికి వెళ్తుంది. అతని అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. పెద్దాయన ఏమన్నా "సరే సార్" అనడమే అతనికి పేరైపోయింది. అతను చీటీ కింద సంతకం గిలికి ట్రేని ముందుకు తోస్తాడు. మూడో సంతకం ఆమెది.

ఆమెకీ వెనకాల ఒక పేరుంది: రెండోమాట. రెండోమాట అనకుండా ఆవిడ దేనికీ తల ఊపదని సరేసారే పెట్టాడట. తెలిసినప్పుడు ఆమె నవ్వేసింది. అనాల్సిన చోట అనకపోతే దేవుడు నోరెందుకిచ్చినట్టు?

ఆ ఉదయం ట్రేలో ఉన్నది ఒకావిడ పెద్దపేగు చిట్టచివర, మలద్వారానికి వేలెడు దూరంలో మొలిచిన పిలక. కెమెరా గొట్టంతో చూసిన డాక్టరు దాన్ని అక్కడికక్కడే కోసి తీసేశాడు. పిలకలో క్యాన్సర్ ఉంది. అందులో ఎవరికీ తగవు లేదు. కానీ తొలిదశ, పై పొర దాటి కొంచెం లోపలికి దిగింది, అంతే. కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఇక తేలాల్సింది ఒక్కటే: క్యాన్సర్ కణాలు రక్తమో శోషరసమో పారే సన్నటి నాళంలోకి దూరాయా, లేదా? దూరలేదంటే పిలకతోనే పీడ విరగడైనట్టు, అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉంటే చాలు. దూరాయంటే ఈపాటికి చుట్టుపక్కల గ్రంథులకి చేరి ఉండొచ్చు. అప్పుడు పేగు చివరి భాగమంతా తీసెయ్యాలి. ఆ చోట తీస్తే మలద్వారం కూడా పోతుంది. పొట్ట మీద ఒక కన్నం, దానికొక సంచి, బతికినన్నాళ్ళూ.

చీటీ మీద పెద్దాయన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "నాళంలో ఉంది." దాని కింద సరేసారు సంతకం.

ఆమె చీటీని బోర్లించి, స్లైడుని మైక్రోస్కోపు కింద పెట్టింది. చీటీని బోర్లించగలదు గాని చుక్కని ఏం చేస్తుంది? కన్ను చుక్క దగ్గరికే పోయింది. ఊదారంగు కణాల గుంపొకటి, దాని చుట్టూ నెలవంక ఆకారంలో తెల్లటి ఖాళీ. వేలి కొసతో మర తిప్పి, ఆ ఖాళీ అంచు స్పష్టమయ్యేదాకా పైకీ కిందకీ ఆడించింది. నాళమే అయితే లోపలివైపు గోడకి సన్నటి పొర ఉండాలి. ఆమెకి పొర కనబడలేదు. ముక్క ఆరేటప్పుడు ముడుచుకుపోయి పక్కన మిగిలిన సందులా ఉంది. అలాంటివి రోజూ చూస్తుంది.

రెండోరోజు కింది పొరకి వేరే రంగు వేయించి చూసినా తేలకపోవడంతో, స్లైడు పట్టుకుని సరేసారు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఇక్కడ పొర కనబడిందా మీకు?"

సరేసారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తప్పించుకోవాలనుకున్నప్పుడల్లా అతని కళ్ళజోడు మురికవుతుంది.

"సార్‌కి కనబడింది కదండీ."

"నేనడిగింది మీ సంగతి."

"సార్ చూశాక మళ్ళీ నాకు విడిగా కనబడేదేముంటుందండీ? నా కళ్ళు ఆయన కళ్ళకంటే గొప్పవా?"

ఒళ్ళు మండింది ఆమెకి. ఇద్దరు చూశారని రిపోర్టులో రాసుకుంటున్నారు, చూసింది ఒక్కరు! ఆ విసురులోనే పెద్దాయన గది తలుపు తట్టింది.

పెద్దాయన గదిలో కుర్చీ వెనక గోడకి ఒక పటం ఉంది. దేవుడి పటం కాదు, ఆసుపత్రి యాజమాన్యం ఇచ్చిన ప్రశంసాపత్రం. శాఖలోని డాక్టర్ల అభిప్రాయాలు నూటికి నూరుపాళ్ళు కలుస్తున్నందుకు అభినందన. వచ్చినవాళ్ళ చూపు దాని మీద పడేలా ఆయన ఎప్పుడూ కొంచెం పక్కకి జరిగి కూర్చుంటారు.

"నాకు పొర కనబడటంలేదు సార్," అంది ఆమె. "సందేమో అనిపిస్తోంది."

"ఈ సందుల్ని నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నానమ్మాయ్. నాళం గోడకి వేసే ప్రత్యేకమైన రంగు వేయించావా?"

"వేయించాను. కానీ దానికోసం ముక్కలోంచి కింది పొర కోస్తే, అందులో ఆ చోటే లేదు. ఇక మన కళ్ళే దిక్కు."

"నా కళ్ళు ఉందంటున్నాయి."

"నావి లేదంటున్నాయి సార్."

పెద్దాయన కలం మూత పెట్టి జేబుకి తగిలించుకున్నారు. కోపమొస్తే ఆయన గొంతు పెరగదు, ఇంకా మెత్తబడుతుంది.

"చూడమ్మా. అక్కడ సర్జన్ కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇక్కడ మనం తలా ఒక మాట అంటే అతను ఎటు కొయ్యాలి? శాఖ మాట ఒక్కటే ఉండాలి. ఇంకో సంగతి. సంచితో మనుషులు బతుకుతున్నారు. గ్రంథుల్లోకి పాకితే బతకరు. తప్పే చేయాల్సి వస్తే, మనిషి బతికే వైపే చేస్తాను నేను."

ఆయన దుర్మార్గుడైతే ఎంత బాగుండేదో అనిపించింది ఆమెకి. తిట్టుకుని ఊరుకోవచ్చు.

"మరి ఇది ఖాయం కాదని ఆవిడకి చెప్తారా సార్?"

"రోగికి ధైర్యం చెప్తారు గాని అనుమానాలు చెప్తారటమ్మా ఎవరైనా? శనివారంలోగా సంతకం పెట్టు. లేదంటే నీ సంతకంతో పనిలేని ఏర్పాటు నేను చూసుకుంటాను."

ఉద్యోగం ఊడుతుందని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు. ఆమె స్లైడు తీసుకుని బయటికి వచ్చేసింది, సంతకం పెట్టకుండానే.

పాథాలజిస్టుల దగ్గరికి రోగులు రారు. ముక్కలు వస్తాయి. అందుకే మర్నాడు మధ్యాహ్నం ల్యాబు గుమ్మంలో ఒకావిడ నిలబడి "పిలక రిపోర్టు ఆపింది మీరేనా అండీ?" అని అడిగితే ఆమె కంగారుపడి లేచి నిలబడింది. చెయ్యి తగిలి మైక్రోస్కోపు పక్కనున్న గ్లాసులోని నీళ్ళు ఒలికాయి.

భుజాలు వెడల్పుగా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, యాభై దాటిన మనిషి. జుట్టు ఇంకా తడి ఆరలేదు. ఈతకొలనులో కలిపే మందువాసన ఆవిడతో పాటు గదిలోకి వచ్చింది.

"నేను ఈత నేర్పుతానండీ, పిల్లలకి. కౌంటర్లో అడిగితే మూడో డాక్టరుగారు సంతకం పెట్టలేదు, అందుకే రిపోర్టు రాలేదన్నారు. మీమీద కోప్పడదామని వచ్చాను."

"కోప్పడండి," అంది ఆమె, నీళ్ళు తుడుస్తూ.

ఈత టీచరు నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"సర్జన్‌గారు అన్నీ చెప్పారు. రిపోర్టులో ఆ ఒక్క మాటా ఉంటే ఆపరేషన్, లేకపోతే లేదు. సంచితో కూడా నీళ్ళలోకి దిగొచ్చని నర్సమ్మ చెప్పింది. దిగుతాను, నాకేం సిగ్గు? కానీ నేను దిగిన నీళ్ళలోకి ఆ తల్లులు పిల్లల్ని దింపుతారా? దద్దుర్లొస్తేనే దింపరు. అయినా ఫరవాలేదండీ, ప్రాణం కంటే ఎక్కువేమిటి? కొయ్యాలంటే కొయ్యండి. కానీ ఖాయమేనా? అది అడగడానికే వచ్చాను. అందరూ భుజం తడుతున్నారు గాని ఈ ప్రశ్నకి జవాబు చెప్పరేం?"

ఖాయం అంటే అబద్ధం. కాదు అంటే, రేపు పెద్దాయన మాటే నిజమైతే?

"నాలుగురోజులు ఆగండి," అంది చివరికి. "ఖాయమా కాదా అన్నది మాత్రం మీకు చెప్పి తీరతాను. వాళ్ళు చెప్పకపోతే నేను చెప్తాను."

ఈత టీచరు లేచి, వెళ్తూ వెళ్తూ మైక్రోస్కోపు వైపు ఒకసారి చూసింది. "అంత చిన్న గాజుముక్కా!" అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మా, భర్తా సోఫా మీద రెండు కర్టెన్ గుడ్డలు పరుచుకుని మీమాంసలో ఉన్నారు.

"ఇటు రావే. గోడరంగుకి దగ్గర ఏది? ఈ ఎడమదే కదూ? అల్లుడుగారు కూడా అదే అన్నారు," అంది అమ్మ.

"అత్తయ్యగారు కరెక్టుగా చెప్పారు. ఎడమదే," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆమె చెప్పులు కూడా విప్పలేదు. ఏదో తట్టింది. "అమ్మా, నువ్వు ఒక్క నిమిషం వంటింట్లోకి వెళ్ళు," అంది. అమ్మ గొణుక్కుంటూ వెళ్ళాక, గుడ్డలు రెండూ కుర్చీ వెనక్కి తీసుకెళ్ళి అటూ ఇటూ మార్చి, మళ్ళీ పరిచింది.

"ఏవండీ, ఇప్పుడు చెప్పండి. పేపరు పక్కన పెట్టి, లేచి, గోడ దగ్గరికి వెళ్ళి చూసి చెప్పండి."

భర్త లేచాడు. చూశాడు. ఆయన ఆ గోడని నిజంగా చూడటం అదే మొదటిసారి అయ్యుంటుంది. "ఇది," అని అమ్మ చెప్పని రెండో గుడ్డ పట్టుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ గయ్యిమంది. "అదేంటి అల్లుడుగారూ! ఇందాక నా మాటే అన్నారుగా!"

"మీరు చెప్పేశాక ఇంక నాకు కళ్ళెందుకు అత్తయ్యగారూ?" అన్నాడాయన నిజాయితీగా.

అమ్మ చాలాసేపు అలిగింది. ఆమె మాత్రం ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే పెద్దాయన గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పింది. "సంతకం పెట్టను సార్. పెట్టాలంటే ఒక పని చేద్దాం. ఇలాంటి పిలకల పాత స్లైడులు బీరువాలోంచి తీయిస్తాను. అన్నిటి మీదా చుక్కలు స్పిరిట్‌తో తుడిపిస్తాను. నంబర్లు కనబడకుండా కాగితం అంటిస్తాం. వాటిలో దీన్నీ కలిపేద్దాం. ముగ్గురం ఎవరికి వాళ్ళం చూసి రాసి, చీటీలు బోర్లించి పెడదాం. మన మాట ఒక్కటే అయితే మీరు చెప్పిన చోట సంతకం పెడతాను."

"నాకు పరీక్ష పెడుతున్నావా?"

"ముగ్గురికీ సార్. మీకేమన్నా భయమా?"

అలా అనకూడదు. ఆ సంగతి తెలిసే అంది. పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. కానీ నూటికి నూరు అని వెనక గోడ మీద రాయించుకున్న మనిషి ఆ మాటకి వెనక్కి ఎలా తగ్గుతాడు? "కానియ్," అన్నారు. "అయ్యాక ఇంక నోరెత్తకూడదు నువ్వు."

టెక్నీషియన్ పచ్చచుక్కల్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడుస్తుంటే దూది ఆకుపచ్చగా మారి బుట్ట నిండింది. కాగితాన్ని గాజులకి రెండు కొసలా అంటించమని ఆమే చెప్పింది. అప్పుడు ఏ కొస ఎటో తెలియక ముక్క తలకిందులుగా కూడా కనబడవచ్చు, ఇదివరకు చూసిందని పోల్చుకోవడం కష్టం. ఏది ఏదో టెక్నీషియన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు.

శనివారం ముగ్గురూ మూడు మూలల్లో కూర్చున్నారు. సరేసారు అవస్థ చూడాలి! మొదటి స్లైడు కింద పెట్టి, చుక్క కోసం గాజంతా వెతికాడు. లేదు. "ఎక్కడ చూడాలండీ?" అన్నాడు దీనంగా. "అన్నిచోట్లా," అంది ఆమె. అతను కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈసారి నిజంగానే చెమట పట్టి మసకబారింది. ఆ తరువాత అతను తల ఎత్తలేదు. టీ వచ్చి చల్లారిపోయినా ఎత్తలేదు. పెద్దాయన మాత్రం గబగబా చూసి, గబగబా రాసి, చీటీలు బోర్లిస్తూ పోయారు. ఆమె తనకి అనుమానమున్న చోట రెండుసార్లు చూసింది.

టెక్నీషియన్ కాగితాలు ఊడదీసి, చీటీలు పక్కపక్కన పరిచింది. నంబరు చదివి, ఎవరేం రాశారో చదువుతూ పోయింది. మొదట రెండు కలిశాయి. పెద్దాయన చిరునవ్వు నవ్వారు. మూడోది కలవలేదు. ఆ తరువాతది ముగ్గురూ మూడు రకాలు. పెద్దాయన చిరునవ్వు ఎక్కడ ఆగాలో తెలియక మొహం మీద అలాగే ఉండిపోయింది. ఒకచోట టెక్నీషియన్ ఆగి, "సార్, ఇది మీరు ఇదివరకు ఉందని రాశారు, ఇప్పుడు లేదని రాశారు," అంది భయంభయంగా. అలాంటివి ఇంకొన్ని వచ్చాయి.

చివరికి ఈత టీచరు స్లైడు వచ్చింది.

పెద్దాయన చీటీ: "నాళంలో లేదు."

సరేసారు చీటీ: "చెప్పలేను."

ఆమె చీటీ: "నాళంలో ఉంది."

ఆమె చీటీని చేతిలోకి తీసుకుని చూసుకుంది. తన అక్షరాలే. స్లైడుని మళ్ళీ కింద పెట్టి చూసింది. చుక్కలేని గాజు మీద, తలకిందులుగా తిరిగిన ఆ ముక్కలో, అదే తెల్లటి నెలవంక అంచున సన్నటి పొర ఉన్నట్టే ఉంది. తిప్పి పెట్టి చూస్తే లేనట్టే ఉంది. మొదటిరోజు పెద్దాయన ఉందన్నారన్న పంతంతో తను లేదని చూసిందా? ఆయన చుక్క సరేసారుని ఒకవైపు లాగితే, తనని రెండోవైపు తోసిందా? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పెద్దాయనే ముందు తేరుకున్నారు. "చూశావా? నువ్వే ఉందన్నావు. నేను మొదట అన్నదీ అదే. ఇంకేం, సంతకం పెట్టెయ్. పని అయిపోతుంది."

దారి ఎంత సులువుగా తెరుచుకుందో! పెడితే ఉద్యోగం ఉంటుంది, శాఖ పరువు ఉంటుంది, తన చీటీ కూడా తోడుంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉందని పెట్టను సార్. లేదనీ పెట్టను. మీరు ఓడిపోవాలని నేనీ పని చెయ్యలేదు. నేనూ ఓడిపోయాను. మనకి తెలియదు. తెలియదని రాస్తాను."

"రిపోర్టులో తెలియదని రాస్తారా ఎవరైనా? నవ్వుతారు!"

"నవ్వనివ్వండి. మనం ముగ్గురం కలిసి ఒక మనిషి పేగు కోయించడం కంటే నవ్వులపాలు కావడం నయం."

కూర్చుని రాసింది. తొలిదశ క్యాన్సర్, అంచులు శుభ్రం, మిగతా గుర్తులేవీ ప్రమాదకరంగా లేవు. నాళంలోకి దూరిందా లేదా అన్నది ముగ్గురు విడివిడిగా చూశారు, అభిప్రాయాలు కలవలేదు, ఒకే మనిషి అభిప్రాయం రెండుసార్లూ ఒకటిగా లేదు. ఖాయంగా చెప్పలేం. ఈ సంగతి రోగికి చెప్పి, ఆవిడతో కలిసి నిర్ణయించాలి. కింద సంతకం పెట్టింది. పైన రెండు ఖాళీలు మిగిలాయి.

సరేసారు లేచి వచ్చాడు. కలం అందుకున్నాడు. "చెప్పలేను అన్నది నా మాటే కదండీ," అన్నాడు పెద్దాయన వైపు చూడకుండా. "జన్మకి ఒక సొంత మాట అన్నాను. దానికింద సంతకం పెట్టకపోతే ఎలా?" పెట్టేశాడు.

పెద్దాయన తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆమె రిపోర్టు నకలుని సర్జన్‌కి అలాగే పంపించేసింది.

సోమవారం సర్జన్ ఫోను ల్యాబులో మోగింది. ఆమె ఎత్తగానే అటునుంచి కేకలు. "ఇదేం రిపోర్టు మేడమ్? నాకు ఔనా కాదా కావాలి. పురాణం కాదు. పైన పెద్దాయన సంతకం కూడా లేదు. ఆయన్ని పిలవండి."

పిలవక్కర్లేకుండానే పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆదివారం రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోను అందుకున్నారు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన ఒక్క మాట అంటే చాలు, పాత చీటీయే రిపోర్టవుతుంది.

"చదివానయ్యా," అన్నారు పెద్దాయన మెత్తగా. "సంతకం ఇప్పుడు పెడుతున్నాను. అవును, తెలియదు. ముగ్గురికీ తెలియదు. మా శాఖ మాట ఎప్పుడూ ఒక్కటే, నీకు తెలుసుగా. ఈసారి ఆ ఒక్క మాటా అదే. ఆవిడకి చెప్పు. నీకు కష్టమైతే ఇక్కడికి పంపించు, మేం చెప్తాం."

ఫోను పెట్టేసి, నిలబడే సంతకం పెట్టారు. ఆమె వైపు చూడలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే బాగుండదని మైక్రోస్కోపులో కళ్ళు పెట్టుకుంది.

ఈత టీచరు వచ్చింది. ఆమె ఆవిణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, స్లైడు చూపించింది. ఇదిగో గుంపు, ఇదిగో ఖాళీ. నాళం కావచ్చు, ఉత్త సందు కావచ్చు. ఆపరేషన్ చేయించుకుంటే లోపల ఏమీ లేకపోవచ్చు, అప్పుడు ఊరికే కోసినట్టు. చేయించుకోకపోతే మళ్ళీ రావచ్చు, అప్పుడు చేతులు దాటిపోవచ్చు కూడా. ఏదీ దాచలేదు. పెద్దాయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, ఎక్కడా అడ్డు రాలేదు.

ఈత టీచరు చాలాసేపు ఒంటికన్నుతో చూసింది.

"ఇంత చదువుకున్న మీకే తెలియదంటే, కొయ్యనివ్వను," అంది తల ఎత్తి. "ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వచ్చి చూపించుకుంటాను. వస్తే అప్పుడు చూసుకుందాం. తప్పయితే నా తప్పు అవుతుంది. ఇంతవరకు నా ఒంటి సంగతి అందరూ తేల్చేశారు, నన్ను తప్ప." లేచి, పెద్దాయనకి దణ్ణం పెట్టింది. "తెలియదని చెప్పారు చూడండి సార్, అప్పుడు నమ్మకం కలిగింది నాకు."

పెద్దాయన దణ్ణం తీసుకున్నారో లేదో తెలియలేదు. గొంతు సవరించుకుని బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆమె బల్ల మీదికి ట్రే వచ్చింది. కొత్త ముక్క, ఇంకెవరిదో పిలక. చీటీలు రెండూ మడతపెట్టి, పిన్ను గుచ్చి ఉన్నాయి. స్లైడుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. గాజు మీద ఎక్కడా చుక్క లేదు.

తలుపు దగ్గర పెద్దాయన కనబడ్డారు. ఆమె చేతిలోని స్లైడు చూసి, "పచ్చసిరా అయిపోయింది," అన్నారు ముక్తసరిగా. జేబులో కలం నిండా సిరాతో ఆకుపచ్చగా మెరుస్తోంది.

"పరవాలేదు సార్," అంది ఆమె.

స్లైడు కింద పెట్టి, ఒక మూల నుంచి మొదలుపెట్టింది. ఎక్కడ చూడాలో చెప్పేవాళ్ళు లేకపోయేసరికి ఆ గోరంత ముక్క ఎటు చూసినా అంతులేకుండా ఉంది. భయం వేసింది, నిజమే. వరస వరసగా చూసుకుంటూ పోయింది. చూసి, తన చీటీ రాసి, మడిచి, పిన్ను గుచ్చింది.

అవతలి బల్ల మీంచి సరేసారు మెడ చాచాడు. "మీకేం కనబడిందండీ?"

"చెప్పను," అంది ఆమె.